పర్వతారోహణతో బతుకు గడుస్తుందా? బెంగళూరు నుంచి ఒక లెక్క

క్లుప్తంగా: ప్రొఫెషనల్ క్లైంబర్ అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు జీవితాలున్నాయి. ఒకరు పోటీల్లో పాల్గొనే క్రీడాకారులు, ఇంకొకరు హిమాలయాలకు వెళ్లే పర్వతారోహకులు, మూడోవారు ఇతరులకు నేర్పించో తాళ్ల మీద పనిచేసో సంపాదించే నిపుణులు. మన దేశంలో నెలనెలా డబ్బు వచ్చేది ఎక్కువగా మూడో దారిలోనే. పేరు, బహుమతులు మాత్రం రెండో దారికి, అందులోనూ ఎవరెస్టుకే దక్కుతున్నాయి. ఇక ఆరోగ్య బీమా దగ్గరికొచ్చేసరికి ‘ప్రొఫెషనల్’ అన్న మాటే అడ్డుపడుతోంది.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఉండే తెలుగు కుటుంబాలు ఇప్పుడు ఈత, షటిల్ క్లాసులకు పంపినట్టే పిల్లల్ని క్లైంబింగ్ గోడ దగ్గరికీ పంపుతున్నాయి. పిల్లకు అది పట్టుబడుతుంది. రెండేళ్లు తిరిగేసరికి ‘నేను ఇదే చేస్తాను’ అంటుంది. ఇంట్లో టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. ఇంకొన్ని ఇళ్లలో ఈ మాట అనేది ఐదారేళ్లు ఐటీలో పనిచేసిన కొడుకో కూతురో.

పెద్దవాళ్లకు ఈ రంగం గురించి తెలిసింది పేపర్లో చూసిన ఫొటో ఒక్కటే. మంచు మీద జెండా పట్టుకున్న యువకుడు, కింద దాతల సాయం కోసం ఎదురుచూస్తున్నాడన్న వార్త. అది అబద్ధం కాదు, కానీ ఈ రంగంలో అదొక మూల మాత్రమే. ఆఫ్రికాలోని కిలిమంజారోనే తీసుకుంటే, 5,895 మీటర్ల ఆ కొండను మామూలు దారుల్లో నడిచే ఎక్కుతారు. తాడు, ఐస్ యాక్స్ అవసరం పడవు. ఎత్తు వల్ల ఒంటికి కలిగే ఇబ్బంది నిజమైనదే, దాన్ని తట్టుకోవడం చిన్న విషయమేమీ కాదు. అయితే అది క్లైంబింగ్ నైపుణ్యానికి కొలత మాత్రం కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలా ఇళ్లలో చర్చ తప్పుగా మొదలవుతోంది.

బెంగళూరు చుట్టూ ఉన్న బండ

రాక్ క్లైంబింగ్‌కు బెంగళూరు దేశంలో ముఖ్యమైన కేంద్రం కావడానికి మొదటి కారణం భూగర్భంలో ఉంది. రామనగర పాత పేరు మీదుగా భూవిజ్ఞానులు క్లోజ్‌పేట గ్రానైట్ అని పిలిచే రాతి పట్టీ దక్షిణం నుంచి ఉత్తరానికి దాదాపు 400 కిలోమీటర్లు సాగుతుంది. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. రామనగర గుట్టలు ఈ పట్టీలోవే, మాగడి దగ్గర సావనదుర్గ కూడా అంతే. అన్నీ నగరం నుంచి రెండు గంటల ప్రయాణంలోనే ఉన్నాయి. తెల్లవారుజామున బయల్దేరి, ఎండ ముదరకముందే ఎక్కి, మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. దేశంలో ఇంకే మహానగరానికీ ఇంత దగ్గరలో ఇన్ని పెద్ద బండలు ఉండటం అరుదు.

ఈ గ్రానైట్ ఒక ప్రత్యేకమైన పద్ధతి నేర్పుతుంది. సావనదుర్గ లాంటి వాలు బండ మీద చేతికి పట్టు దాదాపు దొరకదు. బూటు ముందు భాగాన్ని గరుకుగా ఉన్నచోట ఆనించి, మడమ కాస్త దించి, బరువంతా దాని మీదే వేయాలి. భయం వేసినప్పుడు ఎవరైనా చేసే మొదటి పని బండను కరుచుకోవడం. ఒళ్లు ముందుకు వాలగానే పాదం మీద బరువు రాతిలోకి నొక్కుకోకుండా వాలు వెంబడి కిందికి లాగుతుంది, ఘర్షణ తగ్గుతుంది, కాలు జారుతుంది. నడుము బండకు దూరంగా పెట్టి నిటారుగా నిలబడితేనే రబ్బరు పట్టుకుంటుంది. ఎండాకాలంలో వేళ్లకు చెమట పట్టి ఉన్న కాస్త పట్టూ పోతుంది. అందుకే ఇక్కడి సీజన్ ప్రధానంగా నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు.

బాదామి కథ వేరు. అక్కడిది ఎర్ర ఇసుకరాయి. నిలువుగానో, బయటికి వాలో ఉండే గోడలు, వాటికి అడ్డంగా పగుళ్లు. పాదం కన్నా వేళ్ల బలానికి పరీక్ష. ఎక్కే దారి కష్టాన్ని కొలిచే ఫ్రెంచ్ గ్రేడుల్లో చాలా పైన, 8బీ ప్లస్ స్థాయిలో ఉన్న ‘గణేశ’ రూటు అక్కడిదే. పుణె క్లైంబర్ తుహిన్ సతార్కర్ దాన్ని పూర్తిచేయడంతో మనవాళ్లు కూడా ఆ స్థాయికి చేరగలరని తేలింది. హంపీలో తాడు లేకుండా, కింద మందపాటి పరుపులు పరుచుకుని చిన్న గుండ్లు ఎక్కే బౌల్డరింగ్ ఎక్కువ. ఒకే రాష్ట్రంలో మూడు రకాల బండలు, మూడు రకాల శిక్షణ.

అయితే ఈ సంపద మీద వ్యాపారం నిలబెట్టడం కష్టం. రామనగరలోని రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. పొడవు ముక్కు రాబందులు గూళ్లు పెట్టేది సరిగ్గా క్లైంబర్లకు నచ్చే నిట్టనిలువు చరియల అంచుల్లోనే. ఆంక్షలు రావడం సహజం, రావాలి కూడా. చాలా బండలు అటవీ శాఖ చేతిలో ఉన్నాయి. బాదామి, హంపీల్లో పురావస్తు శాఖ రక్షిత కట్టడాలున్నాయి. ఈ వారం ఎక్కిన చోట వచ్చే నెల అనుమతి ఉంటుందన్న భరోసా లేకపోతే శిక్షకుడు ఏడాది పొడవునా క్లాసులు ప్రకటించలేడు. బెంగళూరులో క్లైంబింగ్ ఉపాధి నగరం బయటి బండల నుంచి నగరం లోపలి గోడలకు చేరడానికి ఇదొక బలమైన కారణం.

పోటీ గోడ: అవకాశం ఎక్కడ, అడ్డంకి ఎక్కడ

స్పోర్ట్ క్లైంబింగ్ టోక్యో ఒలింపిక్స్‌తో పెద్ద వేదిక మీదికి వచ్చింది. అక్కడ స్పీడ్ (ఎవరు ముందు పైకి చేరతారన్న పందెం), బౌల్డర్ (తాడు లేకుండా చిన్న గోడ), లీడ్ (తాడుతో ఎత్తయిన గోడ) మూడు విభాగాలనూ కలిపి ఒకే పతకం ఇచ్చారు. 2024 పారిస్‌లో స్పీడ్‌ను విడదీశారు. 2028 లాస్ ఏంజెలిస్‌లో స్పీడ్, బౌల్డర్, లీడ్ మూడింటికీ వేర్వేరు పతకాలుంటాయి. ఈ విభజనలో మన లాంటి దేశాలకు పనికొచ్చే కీలకం ఉంది.

స్పీడ్ గోడ ఎత్తు 15 మీటర్లు, 5 డిగ్రీలు బయటికి వాలి ఉంటుంది. చెయ్యి, కాలు ఆనే పట్టులు ఎక్కడ ఏ కోణంలో ఉండాలో ప్రపంచమంతటా ఒకటే నమూనా. కాబట్టి ఒక్క గోడ ఉంటే చాలు, ప్రపంచ రికార్డు పుట్టిన రూటు మీదే రోజూ సాధన చేయవచ్చు. ఇండోనేషియా ఈ సూత్రాన్ని పట్టుకుంది. పారిస్‌లో ఆ దేశపు వెడ్రిక్ లియొనార్డో పురుషుల స్పీడ్ స్వర్ణం గెలిచాడు. ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ కాకుండా ఇండోనేషియాకు వచ్చిన తొలి స్వర్ణం అదే.

బౌల్డర్, లీడ్ దీనికి పూర్తిగా తిరగబడ్డ ఆటలు. పోటీ రోజు ఎదురయ్యే రూటును క్రీడాకారులు అంతకు ముందు చూసి ఉండరు. కాబట్టి సాధనలో ఎన్ని రకాల సమస్యలు ఎదుర్కొన్నారన్నదే అసలు పెట్టుబడి. దానికి ఎన్నో గోడలు, వాటి మీద కొత్త కొత్త రూట్లు కట్టే నేర్పరులైన సెట్టర్లు కావాలి. దాదాపు 21 లక్షల జనాభా ఉన్న స్లొవేనియా నుంచి వచ్చిన యాన్యా గార్న్‌బ్రెట్ టోక్యోలోనూ పారిస్‌లోనూ స్వర్ణం గెలిచింది. కోటికి పైగా జనం ఉన్న బెంగళూరు అలాంటి క్రీడాకారిణిని ఇంకా తయారుచేయలేదంటే కారణం పిల్లల్లో సత్తా లేకపోవడం కాదు. ఇక్కడ గోడలు తక్కువ, మంచి సెట్టర్లు మరీ తక్కువ.

మన దేశంలో ఈ క్రీడను నడిపేది ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్. బెంగళూరులో కంఠీరవ స్టేడియం గోడ చాలామందికి తొలి బడి. 2016లో నవీ ముంబైలో బౌల్డరింగ్ ప్రపంచ కప్ జరిగింది. బెంగళూరుకు చెందిన మణికందన్ కుమార్ పోలియోతో బలహీనపడ్డ కాలితోనే 2012లో పారా క్లైంబింగ్ ప్రపంచ పోటీల్లో స్వర్ణం తెచ్చాడు. అప్పుడు దానికి పారాలింపిక్స్ వేదిక లేదు. 2028లో ఉంటుంది.

తల్లిదండ్రులు గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. పెరిగే వయసులో వేళ్ల ఎముకల చివర గ్రోత్ ప్లేట్లు ఇంకా గట్టిపడి ఉండవు. సన్నని పట్టుల మీద, ముఖ్యంగా కాళ్లు వాడకుండా కేవలం వేళ్లతో ఎగబాకే క్యాంపస్ బోర్డు మీద అతిగా సాధన చేస్తే అక్కడ చీలిక రావచ్చు. పెద్దవాళ్లలో సాధారణంగా దెబ్బతినేది వేలిని ముడిచే స్నాయువును (టెండన్‌ను) ఎముకకు అదిమిపట్టే పట్టీ లాంటి కణజాలం. పిల్లల్లో మాత్రం ఎముకే. వేలి మధ్య కణుపు దగ్గర నొప్పి వారాల తరబడి తగ్గకపోతే బెణుకని వదిలేయకూడదు.

ఎవరెస్టు చుట్టూ తిరిగే డబ్బు

తెలుగువాళ్లకు పర్వతారోహణ అనగానే ఇద్దరు గుర్తొస్తారు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎంల గుండా వచ్చినవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమూ చేశాడు. 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి ప్రాణాలు కోల్పోయాడు. రెండో పేరు నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి బండ మీద తొలి పాఠాలు నేర్చుకుని, 2014 మే 25న, 14 ఏళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. తోడు వెళ్లిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా గురుకుల విద్యార్థే.

పూర్ణ విజయం సాంఘికంగా చాలా పెద్దది. దాన్ని కేవలం క్రీడా ఫలితంగా చూడటం అన్యాయం. కానీ దాని తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ఒక నమూనా స్థిరపడింది: శిఖరం, ఫొటో, సన్మానం, నగదు. స్పాన్సర్ చేసే కంపెనీకైనా ప్రభుత్వానికైనా శిఖరం పేరు జనానికి తెలిసినదై ఉండాలి. కాబట్టి డబ్బు ఎవరెస్టు వైపే పారుతుంది.

ఆ ఖర్చు చిన్నది కాదు. 2025 సెప్టెంబరు నుంచి నేపాల్ వైపు వసంత కాలపు పర్మిట్ రుసుమే 11,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెరిగింది. అంటే సుమారు 13 లక్షల రూపాయలు. ఆక్సిజన్ సిలిండర్లు, షెర్పాలు, భోజనం, బీమా కలిపితే మొత్తం 30 లక్షలు దాటడం మామూలే. ఆ డబ్బులో పెద్ద భాగం కొనేది ఇతరుల నైపుణ్యాన్ని. ఎవరెస్టు దారిలో లోతైన పగుళ్లతో విరిగి ఉండే ఖుంబు ఐస్‌ఫాల్‌లో నిచ్చెనలు బిగించేది, పైదాకా తాళ్లు కట్టేది షెర్పాలే. ఎక్కేవారి కష్టం నిజమే. శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడో వంతే. అయినా కట్టిన తాడు పట్టుకుని ఎక్కడం వేరు, దారి తానే వెతుక్కుని తాడు తానే కట్టడం వేరు. పర్వతారోహణలో గొప్ప గౌరవంగా భావించే పియోలె దోర్ పురస్కారం చిన్న బృందాలు తక్కువ సామగ్రితో కొత్త దారుల్లో చేసిన ఎక్కుళ్లకు ఇస్తారు. మన హిమాలయాల్లోనే ఇంకా ఎవరూ ఎక్కని ఆరు వేల మీటర్ల శిఖరాలున్నాయి. ఎవరెస్టు ఖర్చులో చిన్న వంతుతో అక్కడికి వెళ్లి రావచ్చు. కానీ ఆ శిఖరాల పేర్లు మన పేపర్లలో పడవు, కాబట్టి స్పాన్సర్ రాడు.

ఎవరెస్టు ఎక్కిన మర్నాడు ఏమిటన్నది ఇంకా కఠినమైన ప్రశ్న. దీనికి మన దేశంలో కుదిరిన జవాబులు రెండే. ఒకటి యూనిఫాం: సైన్యం, టిబెట్ సరిహద్దు దళమైన ఐటీబీపీల్లో జీతం, శిక్షణ, యాత్ర మూడూ ఒకే చోట దొరుకుతాయి. రెండోది 1984లో ఎవరెస్టు ఎక్కిన బచేంద్రీ పాల్ దారి. టాటా స్టీల్ ఆమెకు ఒకసారి చెక్కు ఇచ్చి ఊరుకోలేదు. తన సాహస సంస్థను నడిపే ఉద్యోగం ఇచ్చింది. దశాబ్దాల పాటు ఎంతోమందికి శిక్షణ అందింది. బెంగళూరులో ఇన్ని పెద్ద కంపెనీలున్నా ఆ స్థాయి ప్రయత్నం కనిపించదు.

నెల జీతం ఎక్కడి నుంచి వస్తుంది

సంగీతం నేర్చినవాళ్లలో కచేరీల మీద బతికేవాళ్లు కొందరే, పాఠాలు చెప్పి బతికేవాళ్లే ఎక్కువ. క్లైంబింగ్‌లోనూ అంతే. జిమ్‌లో శిక్షకుడు, ట్రెక్ లీడర్, బడి పిల్లల క్యాంపులు నడిపేవాడు, సామగ్రి కంపెనీలో ఉద్యోగి. వైల్డ్‌క్రాఫ్ట్, ఇండియాహైక్స్ లాంటి సంస్థలు బెంగళూరులో ఉండటం వల్ల ఈ పనులు ఇక్కడ మిగతా నగరాల కన్నా ఎక్కువ.

వీటిలో బయటివాళ్లకు తెలియనిది రూట్ సెట్టర్ పని. జిమ్ మూసిన తర్వాత పాత పట్టులన్నీ విప్పి, చెమట, చాక్ పొడి పోయేలా కడిగి, ఇంపాక్ట్ డ్రిల్లుతో కొత్త వరసలో బిగిస్తారు. తర్వాత తామే ఎక్కి చూస్తారు. పొట్టివాళ్లకు ఒకచోట చెయ్యి అందకపోతే పట్టును నాలుగు వేళ్ల వెడల్పు జరిపి మళ్లీ ఎక్కుతారు. తిప్పే కోణం కాస్త మారితే తేలికైనది అసాధ్యమవుతుంది. మంచి సెట్టర్ ఉన్న జిమ్‌కు సభ్యులు తిరిగి వస్తారు కాబట్టి ఈ నైపుణ్యానికి గిరాకీ ఉంది.

రెండోది రోప్ యాక్సెస్. ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా ఉన్న అద్దాల భవనాలు కడగడం, గాలిమరల రెక్కలు తనిఖీ చేయడం లాంటివి తాళ్ల మీద వేలాడుతూ చేసే పనులు. ఈ రంగంలో ఇరాటా అనే అంతర్జాతీయ సంస్థ సర్టిఫికేట్‌కు విలువ ఉంది. మొదటి లెవెల్‌కు నాలుగు రోజుల శిక్షణ, ఒక రోజు పరీక్ష. రెండో లెవెల్‌కు కనీసం ఏడాది, 1,000 గంటల పని లాగ్‌బుక్‌లో నమోదై ఉండాలి. క్లైంబర్‌కు ఎత్తు అలవాటే, ముడులు తెలుసు. కానీ ఒక అలవాటు మార్చుకోవాలి. క్లైంబింగ్ తాడు సాగుతుంది, పడినప్పుడు ఆ కుదుపును అదే మింగుతుంది. రోప్ యాక్సెస్ తాడు దాదాపు సాగదు. అక్కడ అసలు పడే పరిస్థితే రాకూడదు, అందుకే పనిచేసే తాడుకు తోడు రెండో తాడు ఎప్పుడూ ఉంటుంది.

హిమాలయాల్లో పనిచేయాలంటే దారి డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలీ, పహల్‌గామ్ సంస్థల గుండా వెళ్తుంది. బేసిక్ కోర్సులో ‘ఏ’ గ్రేడు వస్తేనే అడ్వాన్స్‌డ్, అందులో ‘ఏ’ వస్తేనే శిక్షకుల కోర్సు. ఒక్కోటి దాదాపు నెల రోజులు. ఐటీ ఉద్యోగికి అసలు అడ్డంకి ఫీజు కాదు, ఇన్నిసార్లు నెల సెలవు. ఇవి పూర్తిచేసినా యూరప్‌లో పనిచేయించే అంతర్జాతీయ పర్వత గైడ్ గుర్తింపు రాదు. నేపాల్ గైడ్ల సంఘం 2012లోనే ఆ వ్యవస్థలో చేరి తనవాళ్లకు ఆ తలుపు తెరిచింది. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేకపోవడం జీతాల మీద నేరుగా ప్రభావం చూపుతోంది.

కోర్సు అంటే పూర్తి భద్రత అనుకోవడానికీ లేదు. 2022 అక్టోబరు 4న ద్రౌపది కా డాండా శిఖరం దగ్గర ఉత్తరకాశీ సంస్థ అడ్వాన్స్‌డ్ బృందం మీద హిమపాతం విరుచుకుపడి 29 మంది ప్రాణాలు పోయాయి. అదే ఏడాది మేలో 16 రోజుల తేడాలో ఎవరెస్టు, మకాలు ఎక్కిన శిక్షకురాలు సవితా కన్స్వాల్ వారిలో ఉంది. మృతుల్లో కర్ణాటక వాళ్లూ ఉన్నారు.

బీమాలో ఒక్క మాట

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఆరోగ్య బీమా ఇచ్చే అన్ని కంపెనీలకూ ఒకే రకం మినహాయింపుల భాషను ఖరారు చేసింది. అందులో తొమ్మిదో నంబరు సాహస క్రీడలది. ప్రమాదకరమైన లేదా సాహస క్రీడల్లో ‘ప్రొఫెషనల్‌గా’ పాల్గొనడం వల్ల అవసరమైన చికిత్స ఖర్చు ఇవ్వనక్కర్లేదన్నది దాని సారాంశం. ఉదాహరణల్లో రాక్ క్లైంబింగ్, పర్వతారోహణ పేర్లతో సహా ఉన్నాయి.

దీని ఫలితం ఇలా ఉంటుంది. ఒకే బండ మీద, ఒకే రోజు ఇద్దరు పడి ఇద్దరికీ చీలమండ విరిగిందనుకుందాం. సరదాగా వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఆ మినహాయింపు వర్తించదు, అతనికి తాడు పట్టి నేర్పుతున్న శిక్షకుడికి వర్తించవచ్చు. వారమంతా ఆఫీసు పని చేసి ఆదివారాలు డబ్బు తీసుకుని నేర్పేవాళ్లు ఎటువైపు వస్తారన్నది క్లెయిమ్ పెట్టినప్పుడు గానీ తేలదు. పైగా ఉద్యోగం మానేసిన రోజునే కంపెనీ గ్రూప్ పాలసీ పోతుంది, సొంత పాలసీలో ఈ తొమ్మిదో నంబరు ఎదురవుతుంది. అంటే రక్షణ ఎక్కువ కావాల్సిన సమయంలోనే రెండు వైపులా ఊడిపోతుంది. టర్మ్ పాలసీ దరఖాస్తుల్లోనూ సాహస క్రీడల గురించి అడుగుతారు. దాచిపెడితే తర్వాత ఇబ్బంది కుటుంబానికే.

ప్రభుత్వాలు నిజంగా సాయం చేయగలిగిన చోటు ఇదే. ఒక్క ఎవరెస్టు యాత్రకు ఇచ్చే 30, 40 లక్షలు ఎంతోమంది శిక్షకులకు సామూహిక ప్రమాద బీమా ప్రీమియంగా సరిపోతాయి. జాలరులకు, చేనేత కార్మికులకు సామూహిక బీమా నడిపిన అనుభవం మన రాష్ట్రాలకు ఉంది. క్లైంబింగ్ శిక్షకులను అలా లెక్కలోకి తీసుకోవాలంటే ముందు వారికి ఒక రిజిస్టరు కావాలి. ఎవరు ఏ కోర్సు చేశారు, ఎన్ని గంటలు నేర్పారు, ఎప్పుడు రెస్క్యూ శిక్షణ రెన్యూ చేసుకున్నారు అన్న వివరాలతో. కర్ణాటకలో సాహస క్రీడల కోసం జనరల్ తిమ్మయ్య అకాడమీ ఇప్పటికే ఉంది కాబట్టి ఆ రిజిస్టరు మొదలుపెట్టడానికి కొత్త శాఖ అక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల్లో భువనగిరి శిక్షకులతో ఆ పని ఆరంభించవచ్చు.